గొర్రెతో పుస్తకం భాష

మనవరాలి బొమ్మల పుస్తకంలో మాట్లాడే గొర్రెను చూడగానే పెనుకొండ దగ్గరి మా పల్లె గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఎగిరే గుర్రాల కథలు అసలు నమ్మేదాన్ని కాదు. జంతువులు మాట్లాడే కథలు మాత్రం నిజమే అనుకునేదాన్ని. మా గొర్రెలు ఎందుకు మాట్లాడవో కూడా నాకు తెలుసనుకున్నాను. జంతువులకు వచ్చింది పుస్తకం భాష, అది మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఒకరోజు, తొలిసారి ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానివ్వలేదు. పిల్ల నిలబడలేక తూలిపోతోంది. అవ్వ గొర్రెను పట్టుకుంది. నేను దాని ముందు కూర్చుని, "అమ్మా, నీ బిడ్డ ఆకలితో అలమటించుచున్నది. దయచేసి పాలు ఇమ్ము" అన్నాను.

అవ్వ నవ్వలేదు. "ఇంగోసారి సెప్పు పాపా, ఇంటాండాది" అంది.

మళ్లీ చెప్పాను. గొర్రె కదల్లేదు. పిల్ల పొదుగు అందుకుని గుటకలు వేసింది.

"చూడవ్వా, దానికి అర్థమయింది!"

"అవును, నీ మాటే ఇనింది" అంది అవ్వ.

గొర్రె కదలకుండా అవ్వ దాన్ని మోకాళ్ల మధ్య ఎంత గట్టిగా బిగించి పట్టిందో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. అంతవరకూ గొర్రెలతో పుస్తకం భాషలోనే మాట్లాడాను. అవ్వ ఒక్కసారి కూడా కాదనలేదు.