సూదుల గది

డెబ్బైలలో నేను చిత్తూరులో ఒక ఆసుపత్రిలో నర్సును. ఆడవాళ్ల ఆపరేషన్ వార్డు నాది. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు గర్భసంచి తీసేశారు. చెనక్కాయల సేద్యం చేసే ఇల్లాలు, దిట్టమైన మనిషి. ఆపరేషన్ అయ్యాక కాస్త కోలుకున్నదని ఒక పొద్దున మెల్లగా నడిపించుకుంటూ స్నానాల గదికి తీసుకుపోతున్నాను. గడప దగ్గర తడి. ఆమె కాలు జారింది.

కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పడితే పొట్ట విచ్చుకుంటుంది. ఆ ఒక్క భయంతో రెండు చేతులూ ఆమె చంకల కింద వేసి, సగం వంగి, మెలి తిరిగి, ఆమె బరువంతా నా మీదికి తీసుకున్నాను. ఆమె పడలేదు. నా నడుములో ఏదో పటుక్కుమంది. ఆయా పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకునేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత నిలబడలేకపోయాను.

నన్ను స్ట్రెచర్ మీద వేస్తుంటే ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "అయ్యో తల్లీ, నా వల్లనే గదా ఇట్లయింది! నీ నడుము బాగు కావాలని కొండకు పోయి గుండు కొట్టించుకుంటాను" అని మొక్కుకుంది.

వెన్నుపూసల మధ్య బిళ్ళ జారిందని ఎముకల డాక్టరు చెప్పాడు. చెక్కమంచం మీద కదలకుండా పడుకోమన్నాడు. తిరుపతిలో మా ఇంటికి చేర్చారు.

నాయన గుడి కైంకర్యంలో ఉండేవాడు. మా వైష్ణవుల ఇళ్లలో ఆడపిల్ల నర్సు కావడం అప్పట్లో ఎవరికీ నచ్చేది కాదు. నేను సెలవుకు వస్తే అమ్మ పెరట్లోనే నీళ్లు తోడిపెట్టి, తలకు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. చుట్టాల మాటలన్నీ దిగమింగి నన్ను చదివించింది నాయనే. ఆ నాయనే ఇప్పుడు చెక్కమంచం పక్కన కూర్చుని, "ఇంక మానుకో బిడ్డా. ఇంట్లో ఉండు. నీకేమన్నా తక్కువ చేస్తామా?" అన్నాడు.

"వార్డు లేకుంటే నేనేం చేసేది నాయనా?"

ఆయన లేచి సంధ్యకు వెళ్లిపోయాడు. నాకు పెళ్లి సంబంధాలు ఎప్పుడో ఆగిపోయాయి. పైకప్పు దూలాలు చూస్తూ పడుకుని, వార్డులో ఏ మంచంలో ఎవరున్నారో ఊహించుకునేదాన్ని. రెండో వారానికే ఆ ముఖాలు కలగలిసిపోయాయి. వాళ్లంతా ఈపాటికి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

నడుముకు ఇనుప పట్టీల బెల్టు బిగించుకుని తిరిగి డ్యూటీకి వెళ్లాను. బరువులెత్తే పని వద్దని డాక్టరు రాసిచ్చినా, వార్డే కావాలని మేట్రన్‌ను బతిమాలాను. ఆమె సరే చూద్దామంది.

ఎక్కువ రోజులు చూడనక్కర్లేకపోయింది. అపెండిక్స్ తీసిన పిల్ల మత్తు వదులుతూ వాంతి చేసుకుంటోంది. వెంటనే పక్కకు తిప్పకపోతే వాంతి ఊపిరిలోకి పోతుంది. వంగాను. తొడ నుంచి మడమ దాకా నిప్పు పాకినట్టయి, చేతులు ఆ పిల్ల భుజాల మీదే ఆగిపోయాయి. చదువుకునే నర్సు పిల్ల ఒకతి నన్ను పక్కకు తోసి, ఆ పిల్లను తిప్పి, నోరు తుడిచింది. పిల్లకేమీ కాలేదు.

వాళ్లమ్మ మాత్రం మేట్రన్ వచ్చేదాకా ఊరుకోలేదు. "నా బిడ్డ కాడికి ఈమె వద్దు. సేతగాని మనిషిని యాడన్నా కూర్చోబెట్టండి" అంది.

మర్నాడు నన్ను సూదుల గదికి మార్చారు.

అది అవుట్‌పేషెంట్ల వరండా చివర చిన్న గది. గాజు సిరంజీలు, సూదులు మరిగే నీళ్ల గిన్నె, ఒక బల్ల, నాకోసమని తెప్పించిన ఎత్తు స్టూలు. బయట బారులు తీరి జనం. చీటీ చూడడం, మందు తీయడం, పొడవడం, దూదితో రుద్దడం. మనిషి ముఖం చూసేలోపు తర్వాతి మనిషి చెయ్యి వచ్చేది. వార్డులో ఎవరు నిద్రపోలేదో, ఎవరు ఇంటి మీద బెంగతో అన్నం వదిలేశారో నాకు తెలిసేది. ఇక్కడ భుజాలూ పిరుదులూ తప్ప మనుషులు లేరు. నన్ను చూస్తే పిల్లలు తలుపు దగ్గరే ఏడుపు అందుకునేవాళ్లు. నెలకోసారి మేట్రన్ దగ్గరికి వెళ్లి, మళ్లీ వార్డుకు మార్చమని అడిగేదాన్ని.

బెల్టు తెల్లచీర కింద ఉండేది కనుక ఎవరికీ కనపడదు. "మనకు నిలబడి నిలబడి కాళ్లు పీకతా ఉండాయి. ఈమె సూడు, మారాణి మాదిరి కూర్చోని పొడస్తా ఉండాది" అని ఒకాయన నాకు వినపడేలా అన్నాడు. బారులో నలుగురు నవ్వారు. చెప్పుకోవచ్చు. ఎంతమందికని చెప్పడం?

అలాంటి ఒక రోజున ఆ పలమనేరు ఆవిడ వచ్చింది. పైట కప్పుకున్న తల నున్నగా ఉంది, గంధం ఇంకా పోలేదు. వెంట కూతురు, కూతురి చంకలో బొద్దుగా మనవరాలు.

"బాగైనాక ఇద్దామంటే స్వామికి బాకీ పెట్టినట్టు ఉంటాదని ముందే ఇచ్చేసినాను. నిన్ననే అలిపిరి కాడ నుంచి నడిచే ఎక్కినాము. ఏమమ్మా, నడుము బాగైందా?"

కొత్తగా గొరిగిన ఆ తల వైపు చూశాను. "బాగైపోయిందమ్మా" అన్నాను.

"ఏదీ, లెయ్యి, సూస్తాను."

బల్ల పట్టుకుని లేచాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "స్వామి విన్నాడు సూడు!" అని కూతురితో అని, మనవరాలిని తీసి నా చేతుల్లో పెట్టింది. "ఎత్తుకో తల్లీ. నీ చేత్తో ఒకసారి ఎత్తుకో."

ఎత్తుకున్నాను. పిల్ల నా మెడ పట్టుకుని కిలకిలా నవ్వింది. చెవుల్లో హోరు. నేనూ నవ్వాను. లడ్డూ బల్ల మీద పెట్టి, నా గడ్డం పుణికి, వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత కూర్చోలేను, నిలబడలేను. బల్ల అంచు పట్టుకుని అలాగే ఒంగి ఉండిపోయాను. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఆమె మీద కోపమూ రాలేదు. మనసులో ఏమీ లేకపోవడం చూసి భయం వేసింది.

ఎనభైలు వచ్చాయి. నాయనకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. సెలవు పెట్టి తిరుపతి వెళ్లాను. అలా పడిపోయిన మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు పుండు పడుతుంది. నర్సుకు ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. మొదటి రోజు ఆయన నడుము కింద చేతులు పెట్టి తిప్పబోయాను. సగం తిప్పి ఆయన మీదే పడ్డాను. అమ్మ చిన్న మనిషి, ఆమె వల్ల కాదు. పక్కింటి అన్నదమ్ములు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి తిప్పి వెళ్లేవాళ్లు. మంచివాళ్లు. కానీ వాళ్లకూ పనులుంటాయి కదా. మధ్యలో ఉన్న పొద్దంతా నేను కుర్చీలో కూర్చుని, ఆయన వీపు కింద ఏం జరుగుతున్నదో నాకు తెలుస్తుండగానే, చూస్తూ ఉండేదాన్ని.

పుండు పడింది. రోజూ కడిగి కట్టు కట్టాను. అది మాత్రం చేయగలిగాను. ఒకరోజు కట్టు విప్పుతుంటే ఆయన ఒళ్లు జలదరించింది.

"నొప్పిగా ఉండాదా నాయనా?"

వంకర పోయిన నోటితో ఆయన చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి ఒక్క మాట వచ్చింది.

"నీకో?"

ఆ నెలలోనే ఆయన పోయాడు. కర్మలు ముగిశాక చిత్తూరు బస్సెక్కాను. వార్డుకు మార్చమని ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.