బాతులు తిన్న పరిశోధన

మాఘ పౌర్ణమి వెళ్లిన మూడో రోజు, బుధవారం, పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు నేను మా మనవరాలి చదువును బాతులకు మేపేశాను. టైము ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటారా? సరిగ్గా అప్పుడే గోడ గడియారం చూసి, నా చేతి వేగానికి నేనే మురిసిపోయాను మరి.

అప్పటికి నాకు అరవై రెండేళ్లు. ఇప్పటికంటే చిన్నదాన్ని, బుద్ధి లేకపోవడం సహజం. ముప్పై ఏళ్లు అల్లూరు చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో తలలు గిల్లే పని చేశాను. అక్షరాలు మాత్రం యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. అందుకని చదువు నాకు ఎద్దుబండి, చేతులు ఎక్స్‌ప్రెస్ రైలు. రెండూ ఒకే దారిన పోతే ఏమవుతుందో వినండి.

మనవరాలు స్వర్ణ తిరుపతిలో పరిశోధన చేస్తోంది. ముందు రోజు ఐసు డబ్బా పట్టుకుని మా ఇంట్లో దిగింది.

"దేని మీదమ్మే నీ పరిశోధన?" అన్నాను.

"కత్తిరింపుల మీద అవ్వా. జీన్ అంటే ఒంట్లో రాసిపెట్టిన పాఠం అనుకో. కణం దాన్ని కాపీ చేసుకుని, కొన్ని ముక్కలు కత్తిరించి పారేసి, మిగతావి అతుక్కుంటాది. కండలో పారేసిన ముక్కని మెదడులో ఉంచుకుంటాది. పాఠం ఒకటే, తయారయ్యే సరుకు వేరు."

"ఓస్, ఇంతేనా! తల తీస్తే వేపుడు, తల ఉంచితే పులుసు. రొయ్య ఒకటే."

"అదే! అట్టాంటి కత్తిరింపులు కొన్ని చేపలో, కోడిలో, మేకలో, మనిషిలో కోట్ల ఏళ్లుగా ఒకే మాదిరిగా ఉండాయి. రొయ్యలో కూడా ఉండాయా అని నేను చూడాల."

"అయితే నేనూ రొయ్యా చుట్టాలమా?"

"దూరపు చుట్టాలే."

"ముప్పై ఏళ్లుగా చుట్టాల తలలు తీసినానా!" అని గుండె పట్టుకున్నాను. ఆ పశ్చాత్తాపం తెల్లారేదాకా కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

తెల్లారి మా ఊరి రొయ్యల రైతు పెంచలయ్య గుంటలో రొయ్యలు పట్టారు. ఆయన ఇచ్చిన నలభై రొయ్యల్ని స్వర్ణ ఐసులో సర్ది, మూత మీద కాగితం అంటించి, మెదళ్ల కోసం కోడి తల, మేక తల తేవడానికి మాంసం కొట్టుకు పోయింది. అన్నీ పన్నెండు గంటల బస్సుకు ఎక్కాలి. మర్నాడు తిరుపతి ల్యాబులో మిషను మీద తన వంతు. తప్పితే మళ్లీ ఆరు నెలలకే.

నేను మూత తీసి పక్కన పెట్టుకుని, కాగితం చదవడం మొదలుపెట్టాను. నా కోసమే పెద్ద అక్షరాలతో రాసింది.

"అ...వ్వా... ఈ... రొ...య్య...లు..."

రొయ్యలు అనేసరికే నా బొటనవేలు పనిలోకి దిగింది. "ల్యా...బు...కు..." దగ్గరికి పదిహేను తలలు. "పో...తా...యి" దగ్గరికి ముప్పై. ల్యాబుకు పోయే సరుకు శుభ్రంగా పోవద్దూ! తలలన్నీ పెరట్లో బాతులకు విసిరి, చేతులు కడుక్కుని, మురిపెంగా గడియారం చూసుకుని, మిగిలిన ముక్క చదివాను.

"త...ల...లు... తీ...యొ...ద్దు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మీ సామెత. తలలు పోయాక అక్షరాలు పట్టుకోవడం నా సామెత.

పక్కింటి మస్తానమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏందక్కా, కొయ్య మాదిరి నిలబడినావు?"

"మెదళ్లు పోయినాయే."

"నీదా?"

"రొయ్యలవి!"

"నీది ముందే పోయుంటాదిలే."

అప్పుడే స్వర్ణ వచ్చింది, సంచిలోంచి మేక తల బయటికి చూస్తోంది.

"అవ్వా, తలలేవి?"

"బాతుల్లో ఉండాయి."

మనవరాలు, మేక, ఇద్దరూ నన్ను ఒకే చూపు చూశారు. కోట్ల ఏళ్లుగా మారనిది ఏదైనా ఉంటే అది ఆ చూపే.

"ఆరు నెలలు పోయినాయవ్వా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ నవ్వుతున్న మస్తానమ్మ కూడా గోడ దాటి వచ్చేసింది.

చీర ఎగ్గట్టి గుంటకు పరిగెత్తాను. వెనకాలే మస్తానమ్మ.

"లోడు ఎల్లిపోయిందక్కా," అన్నాడు పెంచలయ్య. "అడుగు బురదలో ఏమన్నా మిగిలుంటే ఏరుకో."

మోకాలి లోతు బురదలో దిగాను. ఒక రొయ్య దొరికింది. దొరకడమే ఆలస్యం, బొటనవేలు దాని మెడ మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి!" అని గట్టు మీంచి మస్తానమ్మ కర్రతో ఒక్కటిచ్చింది.

"కొట్టమాకే!"

"కొట్టకపోతే ఆగతాదా ఆ వేలు?"

పదకొండింటికి ఇరవై రొయ్యలు తలలతో సహా బకెట్లో పడ్డాయి. ఇంకో రెండిటి తలలు అలవాటు కొద్దీ పోయాయి. ఆ సంగతి స్వర్ణకు ఇంతవరకూ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. బస్సు మాత్రం అందింది.

కొన్ని నెలలకు ఫోను చేసింది. "అవ్వా, నేను వెతికిన ముక్కల్లో ఒకటి రొయ్య మెదడులో దొరికింది. కండలో లేదు!"

"అంటే ఏందమ్మే?"

"ఏది కత్తిరించాలో, ఏది ఉంచాలో రొయ్యకి కూడా తెలుసు. మా ఇంట్లో ఒకరికే తెలీదు."

కనుక, సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాగితం ఏదైనా సరే, చివరి చుక్క కనబడేదాకా రెండు చేతులూ నడుం వెనక్కి కట్టుకునే చదువుతాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: కోటమ్మనైన నేను, స్వర్ణ, మస్తానమ్మ, పెంచలయ్య, ఒక మేక తల, ఒక కోడి తల, ఏడు బాతులు. వీళ్లందరిలో నన్ను మెచ్చుకున్నవి బాతులే.