సీతాఫలాల ఉస్తాద్

మొన్న పొద్దున కరీంనగర్‌లో మా వీధి వెనక మైదానం చుట్టూ నడుస్తున్నాను. అక్కడ పిల్లలకు క్రికెట్ నేర్పే అబ్బాయి ఒకడు గొంతు చించుకుని అరిచాడు: "బంతి కిందికి ఉరుకు! కిందికి ఉరుకు!" నడిచేదాన్ని ఠక్కున ఆగిపోయాను. నాతో నడిచే పొరుగింటావిడ నాకు మోకాలు పట్టేసిందనుకుని బెంచీ చూపించింది. మోకాళ్ల సంగతి దేవుడెరుగు. ఆ మాట ఒకప్పుడు మా అవ్వకు, అంటే అమ్మకు, కంటిమీద కునుకు లేకుండా చేసింది. అప్పట్లో దాన్ని అరిచినవాడు ఎవరో కాదు, మా మేనమామ, అవ్వకు స్వయానా తమ్ముడు.

మామ ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు పక్క వాడలో పెరిగాడు. మిల్లువాళ్లకు ఓ క్రికెట్ జట్టు ఉండేది. మామ అందులో బౌండరీ గీత దగ్గర నిలబడేవాడు. ఆయన ఆటంతా అంతే. బంతి వేయడం రాదు. బ్యాటింగు సంగతి మా నాన్న, అదే మా బాపు, చెప్పేవాడు: "మా బామ్మర్ది బ్యాటు పట్టుకొని పోయి మళ్ల వచ్చేటాల్లకు నా బీడీ సుత అంటుకోదు." కానీ బంతి గాల్లోకి లేచిందంటే మామ వేరే మనిషి అయిపోయేవాడు. మిల్లులో మరాఠీ కూలీలు "ఝేల్! ఝేల్!" అని కేకలు పెడుతుంటే, అంటే పట్టు పట్టు అని, పత్తి బండ్ల సందుల్లోంచి దూసుకెళ్లి పట్టేవాడట. ఒకసారి ఆట చూడవచ్చిన బొగ్గుగని దొర ఆ పట్టుడు చూసి, అక్కడికక్కడే మేముండే గని ఊరికి, తన జట్టులో ఆడడానికి రమ్మన్నాడు. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులవి, దొర నోటిమాటే నౌకరీ. గనిలోకి దిగేవాళ్లకు నెత్తి దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక తీసుకునే లాంప్ రూంలో పని. పేరుకు దీపాలు, జీతం మాత్రం బంతి పట్టినందుకు. తమ్ముడు తన ఊళ్లోకే వచ్చాడు, పైగా భూమ్మీది కొలువు. అవ్వ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బాపు గని లోపల కప్పుకు కర్రలు నిలబెట్టే పని చేసేవాడు కనుక, ఒక ఇంటికి ఒక భయం చాలని ఆమె లెక్క.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో మామ ఓ బంతి కోసం వెనక్కి పరిగెత్తి, గీత అవతల వదిలేసిన ఇనుప రోలరు మీద పడ్డాడు. కుడి భుజం మళ్లీ మామూలుగా లేవలేదు. ఆట పోయింది, ఇక కొలువూ పోతుందని ఇంట్లో అందరం మొహాలు వేలాడేసుకున్నాం. దొర మాత్రం, "నీకు వచ్చింది మిగతా వాళ్లకు నేర్పు" అన్నాడు. ఆ రోజు నుంచి ఊరంతా మామను ఉస్తాద్ అని పిలవడం మొదలుపెట్టింది. మామ మెడ కొంచెం నిక్కింది కూడా. మా బాపును బలవంతాన జట్టులోకి లాగింది ఆ ఊపులోనే.

తీరా చూస్తే గని మనుషులకు బంతి పట్టడం నేర్పడం అంటే చేపకు చెట్టెక్కడం నేర్పడమే. చేతకాక కాదు. బంతి పైకి లేచి కిందికి దిగడం మొదలుపెట్టగానే, మైదానంలో ఉన్నవాళ్లందరూ రెండు చేతులతో నెత్తి కప్పుకుని తలో దిక్కు పారిపోయేవారు! గనిలో పైనుంచి ఏది పడినా పక్కకు దూకాలి. అలా దూకినవాళ్లే ఇంటికొస్తారు. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన ఆ అలవాటు ఆదివారం మైదానంలోకి వచ్చినంత మాత్రాన ఎందుకు పోతుంది? చూడవచ్చిన ఆడవాళ్లం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. మామ తల పట్టుకున్నాడు. చివరికి దసరా వెళ్లాక అడవి నుంచి సీతాఫలాలు రావడం మొదలవగానే గంపలకు గంపలు తెప్పించాడు. బాగా పండినవి ఏరి, ఎడమచేత్తో పైకి విసిరేవాడు. నెత్తిన పడితే దెబ్బ తగలదు, గట్టిగా పట్టుకుంటే పగిలిపోతుంది. పగలకుండా పట్టినవాడు అదే తినాలి. తిండి ఆశ మొదలయ్యాక భయం తగ్గింది. బాపు అంగీ నిండా గుజ్జుతో, జేబుల్లో నల్లటి గింజలతో ఇంటికొస్తుంటే అవ్వ బట్టలుతకలేక తమ్ముణ్ని తిట్టిపోసేది.

ఆ చలికాలంలోనే ఆదిలాబాద్ మిల్లు జట్టు ఆటకొచ్చింది. ఓ బంతి సూర్యుడికి అడ్డం పడేంత ఎత్తు లేచింది. మామ గీత అవతలి నుంచి "కిందికి ఉరుకు బావా!" అని అరిచాడు. బాపు నిజంగానే దాని కిందికి ఉరికాడు, నిలబడ్డాడు, పట్టేశాడు. జనం ఆయన్ను భుజాలకెత్తుకున్నారు. నేనూ ఎగిరి గంతేశాను. పక్కన అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని అలాగే నిలబడి ఉంది. ఆ సాయంత్రం మామ పొంగిపోతూ ఛాయ్‌కి వస్తే అడిగింది: "ఏం తమ్మీ, పడేదానికెంచి దూరం ఉరికేటోన్ని, పడేదాని కిందికే ఉరికేటట్టు చేస్తివి. గా బుద్ధి రేపు గనిల వస్తె?"

మామ ఛాయ్ ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆయన కప్పులో ఛాయ్ అలాగే చల్లారిపోయింది. మర్నాటి నుంచి లాంప్ రూంలో బాపు చేతికి దీపం ఇచ్చేటప్పుడల్లా, "జర పైలం బావా" అనడం మొదలుపెట్టాడు. జట్టు మానేయమని కూడా బతిమాలాడు. బాపు నవ్వి, "నీ ఫికర్ పాడుగాను, సీతాఫలాలు అయిపోయినయని జట్టు బంద్ పెడ్తవా?" అని వెళ్లిపోయేవాడు. బాపుకు నవ్వులాటగానే ఉండేది. మామ మాత్రం చిక్కిపోయాడు.

ఓ మధ్యాహ్నం, వేళ కాని వేళ సైరన్ మోగింది. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి అవ్వ పరిగెత్తింది, వెనకే నేను. గేటు దగ్గర ఊరంతా ఉంది. లోపల కప్పు కూలిందని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్కొక్కరే పైకి వచ్చి లాంప్ రూం కిటికీలో దీపం పెట్టి పోతున్నారు. మామ ప్రతి దీపాన్నీ దాని కొక్కేనికి తగిలిస్తూ, బాపు దీపం ఉండాల్సిన ఖాళీ కొక్కెం వైపే చూస్తున్నాడు. ఎప్పుడూ తమ్ముడితో తగువుపడే అవ్వ ఆ రోజు ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఎంతసేపటికో బాపు వచ్చాడు. టోపీ లేదు, మోచెయ్యి గీరుకుపోయి ఉంది, మిగతా మనిషి మనిషిలాగే ఉన్నాడు. "కప్పు పడ్డది. ఎవ్వలకు ఏం కాలే" అని దీపం కిటికీలో పెట్టాడు. మామ దాన్ని అందుకున్నాడు గానీ తగిలించడం మరిచిపోయాడు. "బావా, పైకి చూసినవా? దాని కిందికి పోయినవా?" అని అడిగాడు. బాపు ఆయన్ను ఎగాదిగా చూసి, "నీకేమన్న పిచ్చి లేసిందా బామ్మర్దీ? బంతి సప్పుడు చెయ్యకుంట వస్తది, కండ్లతోటి చూడాలె. కప్పు పడేముందు నేను పెట్టిన కర్రలు కిర్రుమంటయి, చెవులతోటి వినాలె. విన్న, ఉరికిన. గనిల నాకు నువ్వు ఉస్తాద్‌వు కావు, నేనే ఉస్తాద్‌ను!" అన్నాడు. అవ్వ అక్కడే నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మామ కిటికీ లోపల్నుంచి చెయ్యి చాపి బాపు చెయ్యి పట్టుకున్నాడు. ఎంతకీ వదల్లేదు. వెనక దీపాలిచ్చే వాళ్లు "ఓ ఉస్తాద్, మేం సుత బతికే వచ్చినం, జర మా దీపాలు తీస్కో" అనేదాకా అలాగే ఉన్నాడు. నా ప్రాణం తేలికపడి, అప్పటికప్పుడు విపరీతమైన ఆకలి వేసింది. ఇంటికెళితే అన్నం మాడి బొగ్గయింది. దాన్నే అందరం గీరుకుని తిన్నాం. అంత రుచైన అన్నం నేను మళ్లీ తినలేదు.

మామ ఆ తర్వాత చాలా ఏళ్లు ఉస్తాద్‌గానే ఉన్నాడు. ఆయన జట్టు గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. ఓడి వచ్చినప్పుడు కూడా అందరూ ఇళ్లకు చేరారో లేదో చూసుకుని హాయిగా నిద్రపోయేవాడు. ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. బాపు, అవ్వ, ఆఖరికి మామ, నెత్తి పండి, పళ్లూడి, మనవల చేత తిట్లు తిని, ఎవరి మంచం మీద వాళ్లు పోయారు. గని ఊళ్లో బతికినవాళ్లకు అదెంత పెద్ద భాగ్యమో గని ఊరివాళ్లకే తెలుసు. కాలం అందరినీ తీసుకుపోతుంది, నిజమే. మా ఇంట్లో మాత్రం అది ఎవరినీ తొందరపెట్టలేదు.