పల్లంలో తొక్కని బ్రేకు

మా నాయన ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు కంకర లారీ తోలేవాడు. ఆ దారిలో ఒకచోట రోడ్డు వాగులోకి దిగి, అవతల మళ్లీ అంత ఎత్తూ ఎక్కుతుంది. వాగు పక్కనే చెరువు కింద ఒక పల్లె ఉంది. మనుషులు రోడ్డు దాటుతుంటారని మా నాయన ఆ పల్లం ఎప్పుడూ చిన్న గేరులో, బ్రేకు మీద కాలుంచి దిగేవాడు. వెనక లారీలవాళ్లు హారన్ కొట్టినా పట్టించుకునేవాడు కాదు.

తొంభైల మొదట్లో నేను ఆత్మకూరులో ఇంటర్ చదువుతున్నాను. ఫిజిక్సులో మంచి మార్కులొచ్చేవి, దానికి తగ్గ పొగరూ ఉండేది. ఒక సెలవు రోజు నాయన పక్కన క్యాబిన్‌లో కూర్చుని వస్తున్నాను. వాగు దాటాక బండి ఆపి కిందికి దిగితే, బ్రేకు డ్రమ్ముల దగ్గర సెగ కొట్టింది. ఆ వేడంతా నువ్వు పోసిన డీజిలే అన్నాను. పల్లం దిగేటప్పుడు బండికి వచ్చే ఊపును బ్రేకు వేడి చేసి గాలిలో కలిపేస్తుందనీ, బ్రేకు తొక్కకుండా న్యూట్రల్‌లో వదిలేస్తే ఆ ఊపే అవతలి ఎత్తు సగం ఎక్కిస్తుందనీ ఒక కాయితం మీద లెక్క కట్టి ఆయన చేతికిచ్చాను. గేరులో ఉన్నప్పుడు ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుందన్న సంగతి నా లెక్కలో లేదు. రోడ్డు దాటే మనుషులూ లేరు. నాకు ఆ వయసులో అవేమీ తోచలేదు.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి కూతురి లెక్కా, బైబిలు వాక్యమూ ఒకటే. వారం తిరక్కుండా ఆయన అట్లాగే దిగడం మొదలుపెట్టాడు. డీజిలు మిగులుతోందని లారీ ఓనరు మెచ్చుకుంటే, అది తన కిటుకేనని చెప్పుకున్నాడట. కూతురు నేర్పిందంటే తోటి డ్రైవర్లు నవ్వుతారని ఆయన భయం. నా ఊసే ఎత్తలేదని నేను రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

ఆ వేసవిలోనే, పట్టపగలు, చెరువు పల్లె నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. నాయన బ్రేకు తొక్కాడు. ఊపు మీదున్న కంకర బండి ఆగలేదు. ఆమె అక్కడికక్కడే పోయింది. నాయన పారిపోలేదు. స్టేషన్లోనూ కోర్టులోనూ తప్పు తనదేనని ఒకే మాట చెప్పాడు. కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు.

వచ్చాక మళ్లీ స్టీరింగు ముట్టలేదు. ఆత్మకూరులో చిన్న సైకిల్ షాపు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చికి వచ్చేవాడు గానీ, ప్రభువు బల్ల ఉన్న రోజున, పాపం మోస్తున్నవాళ్లు ముట్టకూడదనే ఆ రొట్టె పళ్లెం మా వరుసకు రాకముందే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పాస్టరుగారు అడిగితే తలొంచుకున్నాడు. నేను మాత్రం రొట్టె తీసుకుని నోట్లో వేసుకునేదాన్ని. ఆ లెక్క నాదని చెప్పేయాలని ప్రతిసారీ అనుకునేదాన్ని, చెప్పకుండానే ఇంటికి వచ్చేసేదాన్ని. పిరికిదాన్ని, అంతే.

ఆ దశాబ్దం చివర నెల్లూరులో బీఎడ్ చదువుతూ, లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రికలో జపాను కారు గురించి చదివాను. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు. ఈ కబురుతో మొదలుపెడితే అసలు మాటకు దారి దొరుకుతుందేమోనని, ఇంటికొచ్చిన రోజే నాయన షాపుకి వెళ్లాను.

ఆయన ఒక సైకిలు బాగుచేస్తున్నాడు. దాని డైనమోను టైరుకు ఆనించి చక్రం తిప్పమన్నాను. లైటు వెలిగింది, చక్రం మాత్రం బరువెక్కింది. ఆ కారుకు ఈ బరువే బ్రేకు అన్నాను. బ్రేకు మీద కాలు పెట్టగానే, అప్పటిదాకా చక్రాలను తిప్పిన మోటారును చక్రాలే తిప్పడం మొదలుపెడతాయి. మోటారు డైనమోలాగా పనిచేస్తుంది. కరెంటు పుట్టించడానికి బండి ఊపు ఖర్చవుతుంది కాబట్టి వేగం తగ్గుతుంది. ఆ కరెంటు బ్యాటరీలో చేరి, మళ్లీ బండి కదిలేటప్పుడు ఇంజనుకు సాయం చేస్తుంది. అంతా తిరిగి రాదు, ఊరికే వేడైపోయేదాంట్లో కొంత దక్కుతుంది.

ఆయన చక్రం ఇంకోసారి తిప్పి చూశాడు. ఉన్నపళంగా ఆగాల్సి వస్తే అది చాలుతుందా అని అడిగాడు. చాలదనీ, దానికి మామూలు బ్రేకులు కూడా ఉంటాయనీ, బ్యాటరీ నిండితే వాటి మీదే ఆధారపడాలనీ చెప్పాను. ఆయన తలాడించాడు.

అప్పుడు అన్నాను. "నాయనా, ఆ రోజు లెక్క నాది. నీకు చెప్పింది నేనే."

ఆయన నా వైపు చూడలేదు. షాపు బయట ఎవరన్నా ఉన్నారేమోనని చూశాడు.

"మెల్లగా మాట్లాడు పాపా. నువ్వు రాసిన కాయితం ఆ రోజు నా జేబులోనే ఉండాది. నీ చేతిరాత గదా, పోలీసోళ్లు వచ్చేలోపల నమిలి మింగినాను. ఎవురికీ చెప్పబాక."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన లేచి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆయన బతికున్నంత కాలం నేను ఆ మాట బయట పెట్టలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆ లెక్క నాది.