మడి కట్టుకున్న ఎర్త్

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, చైత్రమాసంలో, నన్ను చిత్తూరు జిల్లాలో ఒక చిన్న విద్యుత్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఊరి పేరు చెప్పను. కార్వేటినగరం నుంచి బస్సులో అరగంట అనుకోండి. సెక్షన్ అంటే మా శాఖలో కింది మెట్టు. జనం తిట్లు ముందుగా చేరేది అక్కడికే.

ఆషాఢంలో ఒక ఉదయం ఒక పెద్దాయన వచ్చి నా బల్లమీద గ్రాఫు కాగితం పరిచారు. మా పదకొండు వేల వోల్టుల లైను స్తంభాలన్నీ అందులో గీసి, ఒకదాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆయన లెక్కల టీచరుగా రిటైరైన వైష్ణవులు. ఊరంతా అయ్యవారనే పిలుస్తారు. ప్రభుత్వ లైసెన్సుతో ఇంట్లో హ్యామ్ రేడియో స్టేషన్ పెట్టుకుని, దూరదేశాల వాళ్లతో సరదాగా వైర్‌లెస్‌లో మాట్లాడుతుంటారు.

"మీ లైను కరకరలాడతా ఉండాది సార్, ఎదుటోళ్ల మాట వినబడల్యా. యాడ చెడిందో నేనే కనుక్కున్నా. ఈ స్తంభమే" అన్నారు. చేతిలో ట్రాన్సిస్టరు పట్టుకుని లైను వెంబడే నడిచి, రొద ఎక్కడ పెరుగుతుందో గుర్తు పెట్టుకున్నారట.

నాకు నమ్మకం కుదరలేదు. అయినా లైన్ ఇన్‌స్పెక్టర్ మునిరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామన్న రాతపూర్వకమైన అనుమతి, తీసుకున్నాక మునిరత్నం స్తంభమెక్కాడు. పింగాణీ ఇన్సులేటర్‌కు వెంట్రుకవాసి పగులు. "అయ్యవారు కిందుండే సూసినాడు సార్" అని పైనుంచి అరిచాడు. కొత్తది బిగించాం.

అయ్యవారు మమ్మల్ని మజ్జిగకు ఇంటికి పిలిచారు. పిలవడంలో ఇంకో పని కూడా ఉంది. తుఫాను రోజుల్లో ఫోన్లు పడిపోతే వార్తలు చేరవేయడానికి జిల్లా అధికారులు హ్యామ్ స్టేషన్లను ఎంపిక చేస్తున్నారు. స్టేషన్ సురక్షితమని విద్యుత్ ఇంజనీరు సంతకం కావాలి. సోమవారం ఆఖరు. "ఇన్నేళ్లకి నా రేడియోతో నలుగురికి పని పడతాండాది" అంటూ ఫారం నా చేతికిచ్చారు.

మిద్దెమీద నిటారుగా ఇనుప గొట్టం, దాని కొసనుంచి రెండువైపులా వాలుగా దించిన రాగి తీగలు. అదే యాంటెన్నా. ఏటా వానలకు ముందు ప్రతి అతుకునూ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి టేపు చుడతారట. పెరట్లో రేడియో కోసం ఎర్త్ గుంత. అంతా రాతినేల. గడ్డపారతో ఛాతీలోతు తవ్వి, గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, రోజూ రెండు బిందెల నీళ్లు పోస్తున్నారు. ఎర్త్ టెస్టర్ పెట్టి చూస్తే నిరోధం రెండు ఓములే. అది ఎంత తక్కువైతే పిడుగైనా, లీకయ్యే కరెంటైనా అంత సులువుగా నేలలోకి దిగిపోతుంది. మా సబ్‌స్టేషన్‌దే అంత బాగా లేదని ఒప్పుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

తర్వాత రేడియో ప్లగ్గు చూశాను. మూడు పిన్నుల్లో లావుది, ఇంటి ఎర్త్‌కు కలిపేది, లేదు. రంపంతో కోసేశారు.

"ఇంటి ఎర్తులోకి ఫ్రిజ్జు, మోటారు, మిక్సీ, అన్నింటి మురికీ దిగతాది. రేడియో ఎర్తుకి అది తగిలితే మళ్లీ రొద. అందుకే దీన్ని మడిగా పెట్టుకున్నా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. దగ్గర్లో పిడుగు పడితే ఒక గుంత వోల్టేజీ రెండోదానికంటే వేలల్లో పైకి లేస్తుందనీ, రాతినేలలో మరీననీ, ఒకచేత్తో మైకూ ఇంకోచేత్తో స్విచ్చూ పట్టుకున్న మనిషే ఆ రెంటికీ తీగ అవుతాడనీ చెప్పాను. ఒకే ఇంట్లో ఎర్త్‌లన్నీ కలిపి తీరాలన్నాను. ఆయన ససేమిరా అన్నారు. ఫారం సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని మడిచి రేడియో కింద పెట్టేశారు. ఆ సంగతి నాకిప్పటికీ బాధే.

మజ్జిగ తెచ్చిన ఆయన భార్య ఆండాళమ్మ గారు అన్నీ వింటూ నిలబడ్డారు.

"భూదేవికి మైలేందండీ? అందరూ తవ్వతారు, తొక్కతారు. ఆమెకి లేని మైల మీ రాగి తీగకి వచ్చిందా?" అని, నావైపు తిరిగి, "ఫ్రిజ్జు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాదప్పా. చెప్తే చెప్పులేసుకోమన్నారు. వంటింట్లో చెప్పులేసుకుంటానా నేను?" అన్నారు.

ఎన్నాళ్లుగా అని అడిగాను. మూణ్ణెల్లు అన్నారు. ఫ్రిజ్జుకూ రేడియో ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే నలభై వోల్టులు. ఇంటి ఎర్త్ గుంత సిమెంటు కింద ఎండిపోయి ఉంది. పిన్ను ఎప్పుడు కోశారని అడిగాను. అదీ మూణ్ణెల్లే. అప్పుడర్థమైంది. పిన్ను ఉన్నంతకాలం ఫ్రిజ్జులో లీకయ్యే కరెంటు ఇంటి ఎర్త్ తీగలోంచి ఆ ప్లగ్గు దారినే రేడియోకు, అక్కణ్ణుంచి అయ్యవారి మంచి గుంతలోకి పోయింది. దారి తెగాక, ఆండాళమ్మ గారి చేతిమీదికి వచ్చింది. అయ్యవారు మీటరువంక ఒక్కసారి చూసి, లోపలికెళ్లి స్పానరు తెచ్చారు.

ఆ ఆదివారమంతా పని. ఇంటి గుంత తవ్వి తడిపాం. రెండు గుంతలనూ రాగిపట్టీతో కలిపి పూడ్చాం. ఫ్రిజ్జు లీకేజీ బాగుచేయించాం. యాంటెన్నా కేబులు ఇంట్లోకి వచ్చేచోట పిడుగును నేలకు మళ్లించే అరెస్టరు బిగించి, ప్లగ్గు మార్చాం. రేడియో పెడితే రొద లేదు. అది అసలు ఎర్త్‌లోంచి వచ్చిందే కాదు, మా ఇన్సులేటర్‌ది. సోమవారం పొద్దున్నే సంతకం చేశాను.

పిన్ను కోసేదాకా ఎందుకు పోయారని అప్పుడడిగాను. "నాలుగుసార్లు రాసిచ్చినా సార్, ఎవురూ రాల్యా. పిన్ను తీస్తే కొంచెం తగ్గినట్టు అనిపించింది" అని మాట మార్చేశారు.

ఆఫీసుకొచ్చి ఫిర్యాదుల రిజిస్టరు తీశాను. నాలుగూ ఉన్నాయి. నాలుగింటికీ ఎదురుగా 'తనిఖీ చేయబడినది, లోపం లేదు'. చివరిది చైత్రంలోది. కింద సంతకం నాది. చేరిన వారంలో ముందుపెట్టిన కాగితాలన్నిటి మీదా చదవకుండా చేసిన సంతకాల్లో అదొకటి. నకలు ఫిర్యాదుదారుకు వెళ్తుంది. అంటే నా బల్ల ముందు గ్రాఫు కాగితం పరిచిన రోజే ఆయనకు నేనెవరో తెలుసు.

సాయంత్రం వెళ్లి తప్పు నాదని చెప్పాను. "ఐదోసారికైనా వచ్చినావు గదప్పా" అని నవ్వారు. అప్పటిదాకా నన్ను సార్ అన్న మనిషి.

ఆ తర్వాతి రెండేళ్లలో కోసేసిన పిన్నులు, ఫ్యూజు బదులు కట్టిన లావు తీగలు చాలా చూశాను. అంతకుముందైతే కనబడగానే తిట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు ఒక మాట అడిగేవాణ్ణి: ఇది చేయకముందు మా ఆఫీసుకు ఎన్నిసార్లు వచ్చారు?