ఆయుధపూజ మరునాడు మూగబోయిన స్పీకరు

ఎనభైల్లో ఒక ఆయుధపూజ మరునాడు నంద్యాలలో ఆళ్లగడ్డ టాక్సీ ఎక్కాను. కొత్తగా ఆంప్లిఫయరు, డిక్కీలో పెద్ద స్పీకరు పెట్టించిన డ్రైవరు, పాటలుంటాయని చెప్పి బస్సు కోసం నిలుచున్నవాళ్లను ఎక్కించుకున్నాడు. టేపు తిరుగుతోంది గాని శబ్దం లేదు.

“పాటల్లేకుంటే బస్సుకే పోతాం” అని ఇద్దరు తలుపు తీశారు. వాళ్లు దిగితే అతనికి ఆ ట్రిప్పు పోయినట్లే.

కాలేజీ చర్చావేదికల్లో ఆరితేరిన నేను, దోషం బ్యాటరీదా, తీగదా, స్పీకరుదా అని విభజించి వాదించసాగాను. పక్కనున్న పెద్దామె డ్రైవరునడిగింది:

“పసుపు యాడయాడ పూసినావప్పా?”

“ఏదీ ఇడిసిపెట్టలేదమ్మా. ఆంప్లిఫయరు ఫ్యూజు గూడా ఊడదీసి పూసినా.”

“పూసినావు సరే, తుడిసినావా?”

ఫ్యూజు తీయించి, కరెంటు పారే కొసల మీద ఎండిన పసుపును కొంగుతో తుడిచి ఇచ్చింది. కారు అదిరేలా పాట మొదలైంది. ఆ ఇద్దరూ తలుపు వేసుకున్నారు. నేను మూడో కారణం వివరిస్తూనే ఉన్నాను. అది నాకే వినపడలేదు.