నల్ల తెర వెనక చిన్నత్త

పొద్దున కాఫీ కలిపే వేళకు వంటింట్లో నా ఫోన్‌లో రేడియో మోగాల్సిందే. కడపలో మా వీధికి నీళ్లు రాని రోజులున్నాయి గానీ ఆ రేడియో పలకని రోజు లేదు. అందులో, పాటల చరిత్రలో ఈ రోజున ఏం జరిగిందో చెప్పే కార్యక్రమం ఒకటి వస్తుంది. ఫలానా గాయకుడు పుట్టింది ఈ రోజే, ఫలానా రికార్డు అంగళ్లకు వచ్చింది ఈ రోజే, ఎక్కడో సముద్రాల అవతల నలుగురు కుర్రాళ్లు కలిసి పాడడం మానేసింది ఈ రోజే అని ఒక అమ్మాయి ఊపిరి తీసుకోకుండా చెబుతుంది. ఆ నలుగురూ ఎవరో, ఎందుకు పోట్లాడుకున్నారో నాకు తెలియదు. అయినా పాపం అనుకుంటూ పాలు పొంగకుండా చూసుకుంటాను. మొన్న మాత్రం పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఆ అమ్మాయి ఉన్నట్టుండి "ఇదే రోజున మన కర్నూలులో" అంది. ఒక మహాగాయని ఒళ్లు కాలిపోయే జ్వరంతో కర్నూలు వచ్చారట. వేదిక మీద కుర్చీలో కూర్చుని, ఒక్క స్వరం తప్పకుండా సాయంకాలమంతా పాడారట. కళ పట్ల అంకితభావమంటే అదేనట. ఇదిగో ఆనాటి గానం అంటూ పాట వేసింది. ఆ గొంతు మా చిన్నత్తది. "అబద్ధం!" అని నేను అరిచిన అరుపుకు మా ఆయన పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, వంటింట్లో నేను తప్ప ఎవరూ లేకపోవడం చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయారు.

చిన్నత్త మా నాన్నకు ఆఖరి చెల్లెలు. నేను కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు మా అవ్వ ఇంట్లో ఆమె గదిలోనే నా మంచం. ఆమెది టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. పై ఊళ్లకు ట్రంకాల్ కలవడం కోసం ఊరు ఊరంతా ఫోన్ పట్టుకుని కూర్చునే కాలం. చెవులకు తగిలించుకున్న ఆ యంత్రం వెనక నుంచి "లైన్లో ఉండండి" అని ఆమె అంటే, అవతలివాళ్లు కోపం మరచిపోయి నిజంగానే లైన్లో ఉండేవాళ్లు. బట్టలంగడి శెట్లు, ఆస్పత్రి డాక్టర్లు, పత్తి వ్యాపారులు ఆమెను ఎన్నడూ చూసింది లేదు, గొంతు మాత్రం ఇంట్లోవాళ్ల గొంతులాగా గుర్తుపట్టేవాళ్లు. ఆదివారం ఆ గొంతు మా చర్చిది. తాతల కాలం నుంచి మేము ఆ సంఘంలోవాళ్లమే. గాయక బృందంలో ముందు వరసన, హార్మోనియం పక్కన, చిన్నత్త నిలబడేది. ఆమె కీర్తన ఎత్తుకుంటే, వెనక కునికే పెద్దాయనలు సైతం ప్రసంగం అయిపోయిందనుకుని లేచి సర్దుకునేవాళ్లు.

ఇక సినిమా పాటలంటారా, అవి మా ఇంట్లో నిషిద్ధం. నిషిద్ధం కాబట్టి చిన్నత్తకు అన్నీ వచ్చు. పెరట్లో బట్టలు ఉతుకుతూ, బండ మీద బట్ట పడే దెబ్బకు తాళం సరిపోయేలా పాడుకునేది. అవ్వ వస్తే అదే వరసలో "ప్రభువా" అని కలిపేసేది. గోడ అవతల ఉండే సాయిబు మామకు మాత్రం ఆ మోసం తెలుసు. ఆయన ఊళ్లోని ఆర్కెస్ట్రాలో తబలా వాయించేవాడు. గోడకు అటువైపు నుంచి వేళ్లతో తాళం వేసేవాడు గానీ, ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మామ ఒక మధ్యాహ్నం, ఎండ పెళపెళలాడుతుంటే, చెప్పులు కూడా లేకుండా మా పెరటి వాకిట్లోకి వచ్చాడు. ఆ సాయంత్రం మైదానంలో సినీ సంగీత విభావరి. మద్రాసు నుంచి గాయనీ గాయకులు దిగి ఉన్నారు. వారం నుంచి ఊరంతా గోడల మీద, రేడియో చెప్పిన ఆ మహాగాయని బొమ్మలే.

"చెల్లీ, ఆయమ్మకు గొంతు పూడుకుపోయుండాది. గాలి తప్ప మాట రాల్యా. జనం అప్పుడే వచ్చి కూచోనుండారు. ఊరి ఇజ్జత్ పోతాది."

"దానికి నన్నేం జెయ్యమంటావన్నా?"

"నువ్వు పాడల్ల. తెర ఎనక నిలబడి పాడు. ఆయమ్మ కుర్చీలో కూచోని నోరు ఆడిస్తాది."

చిన్నత్త నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "నా పేరు చెప్తారా?" అని అడిగింది. మామ పోయి విభావరి పెట్టించిన పెద్దమనిషినే వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతులు జోడించి, చివరి పాట అయిపోగానే స్టేజీ మీదికి పిలిచి, పేరు చెప్పి, శాలువా కప్పుతామన్నాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. అవ్వకు నా స్నేహితురాలి ఇంటికి పోతున్నామని చెప్పి బయలుదేరాం. చిన్నత్త క్రిస్మస్‌కు కొన్న ఎమ్మిగనూరు నేతచీర కట్టుకుంది. తెర వెనక పాడేదానికి ఇంత మంచి చీర ఎందుకని అడిగితే, "పిలిచినప్పుడు పోవల్ల గదమ్మే" అంది.

వేదికకు ఒక పక్క నల్లగుడ్డ కట్టారు. దాని వెనక డ్రమ్ముల పెట్టెలు, వైర్లు, మల్లెపూల వాసన, చెమట, ఒక మైకు, మా చిన్నత్త. గాయనికి విపరీతమైన జ్వరమనీ, అయినా మీ మీద అభిమానంతో వచ్చారనీ ముందే ప్రకటించారు. ఆమె కుర్చీలో కూర్చుని చేతిరుమాలు నోటికి అడ్డంగా పట్టుకుంది. నాకు గుడ్డ సందులోంచి ఆమె వీపూ, ఇటువైపు చిన్నత్త ముఖమూ రెండూ కనబడుతున్నాయి. మొదటి పాట పల్లవిలో చిన్నత్త గొంతు కొంచెం వణికింది. చరణానికి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. తర్వాత నేను చూసింది మా ఇంట్లో బట్టలుతికే మనిషిని కాదు. మైదానమంతా ఈలలు. సాయిబు మామ తబలా వాయిస్తూ మాటిమాటికీ గుడ్డ వైపు తిరిగి తల ఊపుతున్నాడు. ఆ ఆనందంలో గుట్టు బయటపెడతాడేమోనని నాకు భయం.

చివరి పాట అయింది. చిన్నత్త కొంగు సర్దుకుంది, జారిన పిన్ను తీసి మళ్లీ పెట్టుకుంది. మైకులో పెద్దమనిషి దాతలకు కృతజ్ఞతలు చెప్పాడు, పోలీసులకు చెప్పాడు, కరెంటు వాళ్లకు చెప్పాడు, మజ్జిగ పోసినవాళ్లకు చెప్పాడు. శాలువా కుర్చీలోని ఆవిడకు కప్పారు. జనం లేచిపోయారు. చిన్నత్త ఇంకా గుడ్డ అంచు పట్టుకుని నిలబడే ఉంది. గాయని దిగిపోతూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పబోయింది, గాలి తప్ప రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. "గొంతు రానీ, ఆయమ్మే చెప్తాదిలే" అంది చిన్నత్త, రిక్షాలో. గొంతు వచ్చింది. ఆ గొంతుతో గాయని ఎన్నో ఏళ్లు పాడింది, ఎన్నో ఇంటర్వ్యూలు ఇచ్చింది. కర్నూలు ప్రస్తావన వచ్చినప్పుడల్లా జ్వరం కథే చెప్పింది. ఆ సాయంత్రం పాటలతో క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు, ఆవిడ ఫొటో. బస్టాండులో టీ అంగళ్ల నుంచి చిన్నత్త గొంతు వినబడుతుంటే, చిన్నత్త ఆ పక్కనే బస్సు కోసం నిలబడి ఉండేది.

అసలు గొంతును గుర్తుపట్టింది బట్టలంగడి శెట్టి. మరుసటి వారం ట్రంకాల్ అడుగుతూ, "ఏమమ్మా, మైదానంలో నువ్వే గదా పాడింది?" అన్నాడట. అంగడిలో ఆ మాట విన్నవాళ్లలో మా సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నత్తను లోపలికి పిలిచారు. లోకపు పాటలు పాడిన నోటితో దేవుని పాట ఎట్లా పాడతావని అడిగారు. ఆమె తల వంచుకోలేదు. వాకిట్లో నిలబడిన నాకు ప్రతి మాటా వినబడింది.

"బయటోళ్లేమో నేను పాడనే లేదంటాండారు. మీరేమో నేనే పాడినానంటాండారు. ఇద్దురూ కూచోని ఏదో ఒకటి తేల్చి చెప్పండప్పా, ఇంటికి పోతా."

ఎవరూ నవ్వలేదు. ఆమెను బృందంలోంచి తీసేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే. ఆ గొంతు ఆమెదేనని అధికారికంగా ఒప్పుకున్నది ఈ లోకంలో ఆ పెద్దలు మాత్రమే. ఒప్పుకున్నది, శిక్ష వేయడానికి. చిన్నత్త చర్చి మానలేదు. వెనక గోడ దగ్గర చాప మీద కూర్చుని, అక్కడినుంచే గొంతెత్తి పాడింది. ముందున్న బృందం ఒక శ్రుతిలో మొదలుపెట్టి, రెండో చరణానికల్లా తమకు తెలియకుండానే ఆమె శ్రుతిలోకి జారేది. హార్మోనియం ఆయన మెట్లు వెతుక్కునేవాడు. చాప మీద కూర్చుని పాడకూడదన్న నియమం ఎక్కడా లేకపోవడంతో పెద్దలు ఏమీ చేయలేకపోయారు.

మొన్న పాలు తుడిచి, రేడియో వాళ్లకు ఫోన్ చేశాను. ఒక కుర్రాడు ఎత్తాడు. ఓపికగానే విన్నాడు. "మేడమ్, ఆమె ఇప్పుడు లేరు కదా. పోయినవాళ్ల గురించి ఇలా అనడం బాగుండదు" అన్నాడు. మా చిన్నత్త ఉందయ్యా, బతికే ఉంది, ఆమె గురించి అనడం బాగుందా అని అడిగాను. రుజువు ఏదైనా ఉందా అన్నాడు. మరుసటి రోజే కర్నూలు బస్సెక్కాను.

చిన్నత్త ఉగ్గాని కలుపుతోంది. బొరుగులు నానబెట్టిన గిన్నె ముందు పెట్టుకుని, నేను గడప దాటక ముందే, "ఇన్న్యా" అంది. ఆ రేడియో కర్నూలులోనూ వస్తుందని నాకు తట్టనే లేదు. "జొరమంట! ఏం జొరమే ఆయమ్మకు? ఎండలో వచ్చి ఐసేసిన ద్రాక్షరసం చెంబుడు తాగి గొంతు చెడగొట్టుకుండె. ఇన్నేండ్లూ జొరం జొరం అని చెప్తాండారు, ద్రాక్షరసం అని ఒక్కరన్నా చెప్పల్య." ఆమెకు కోపం తగ్గలేదని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. క్షమించేశానని అని ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు.

శ్రోతలు పాటలు అడిగే సమయానికి ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. లైను దొరికింది. ఎత్తింది రేడియోలో చెప్పే ఆ అమ్మాయే. చిన్నత్త గొంతు ఒక్కసారిగా ఎక్స్ఛేంజీ నాటి గొంతైంది. ఏ పాట కావాలమ్మా అని అడిగితే, కర్నూలు విభావరిలోది కావాలని చెప్పి, "అది నేను పాడిందే తల్లీ, ఆయమ్మ కాదు" అంది. అవతల నవ్వు. "అయితే మాకోసం ఒక్క లైను పాడండి బామ్మగారూ!" చిన్నత్త పాడింది. వయసుకు గొంతు కొంచెం గరుకెక్కింది గానీ, చరణంలో ఆ మలుపు, ఆ ఊపిరి, అవే. పాట అవగానే ఆ అమ్మాయి ఆనందంగా అరిచింది.

"సూపర్ బామ్మగారూ! అచ్చం ఆమెలాగే పాడారు!"

లైను కట్ అయింది. పాట మొదలైంది. నేను ఫోన్ విసిరికొట్టబోతే చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది. తల వంచి ఆ పాటను చివరిదాకా వింది. రెండో చరణంలో ఒకచోట "ఈడ ఊపిరి చాలల్య నాకు, చూడు" అంది. పాట ముగిశాక ఉగ్గానిలో నిమ్మకాయ పిండుతూ, "వచ్చే ఏడు ఆ దినానికి నువ్వు మల్లా రా. మల్లా చేద్దాం. ఆ పిల్ల మారిపోయింటాది, ఇంకో పిల్లకు చెప్తాం" అంది.

నేను వెళతాను. కాలమే నిజాన్ని తేలుస్తుందని మా ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుండేవాళ్లు, నేనూ పిల్లలకు చెప్పాను. ఇక చెప్పను. కాలం దేన్నీ తేల్చదు. తన నెత్తికి ఎవరు ఏం ఎత్తితే దాన్ని మోసుకుంటూ పోతుంది, అంతే.